మరల మొదలుపెట్టుటకు సిగ్గుపడవలెనా?



మన సంఘములలో ఈ మధ్య తరచుగా వినబడుచున్న ఒక ప్రశ్నను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము. డాక్టరుగారి మాట విని, నోరు కట్టుకొని, ఎంతో ప్రయాసపడి పది కిలోల బరువు తగ్గించుకొనిన మనుష్యుడు ఒకటి రెండు సంవత్సరములలో ఆ బరువును మరల తెచ్చుకొనినయెడల, అతడు చేసినది పాపమా? అతని మొదటి ప్రయాస అంతయు వ్యర్థమైనట్టేనా? అతడు ఏ ముఖము పెట్టుకొని మరల మొదలుపెట్టవలెను?

ఇది వైద్యులు చూచుకొనవలసిన సంగతి గాని సంఘ పత్రికలో వ్రాయదగినది కాదని కొందరు అనవచ్చును. మాకు అట్లు తోచలేదు. బరువు పెరుగుట శరీరమునకు సంబంధించిన సంగతియే. అయితే పెరిగిన తరువాత మనుష్యుడు సిగ్గుపడి దాగుకొనుట ఆత్మకు సంబంధించిన సంగతి. ఆ దాగుకొనుటలో ఇరుగుపొరుగువారి పాలు, సంఘము పాలు కూడ కలదు. కావున దీనిని గూర్చి మనము కలిసి ఆలోచింపవలెను.

ఒక సహోదరి సంగతి అనుకొందము. నిడమనూరులోనైనను, హాలియాలోనైనను, మిర్యాలగూడలోనైనను, కోదాడలోనైనను అట్టి సహోదరి ఉండవచ్చును. వయస్సు 45, బరువు 82 కిలోలు. మోకాళ్ళ నొప్పులు, రక్తములో చక్కెర. డాక్టరుగారు హెచ్చరింపగా ఆమె రాత్రి అన్నము మాని జొన్నరొట్టె తిని, ప్రతి ఉదయము నడిచి, తొమ్మిది నెలలలో 71 కిలోలకు వచ్చెను. ఆదివారమున మందిరము బయట అందరును ఆమెను మెచ్చుకొనిరి. తరువాత కుమార్తె పెండ్లి వచ్చెను, నడక ఆగెను. పెండ్లి వెనుక నాట్లు, నాట్ల వెనుక అత్తగారి జబ్బు. సంవత్సరము తిరుగునప్పటికి బరువు 80. బిగించి కుట్టించుకొనిన రవికెల కుట్లు మరల విప్పించవలసి వచ్చెను. ఆనాటినుండి ఆమె డాక్టరుగారి యొద్దకు వెళ్ళుట మానెను. స్త్రీల కూడికలో వెనుక వరుసకు పోయెను. “మళ్ళ లావైతున్నవేందక్కా?” అని ఎవరైన అందురేమోనని ఆమె భయము.

ఈ సహోదరికి ఏది ఎక్కువ కీడు చేసినది? మరల వచ్చిన తొమ్మిది కిలోలా, లేక డాక్టరుగారి యొద్దకు పోనీయని ఆ సిగ్గా? రెండవదియే అని మేము తలంచుచున్నాము. ఏలయనగా బరువును తగ్గించుకొను మార్గములు ఆమె ఎరుగును. సిగ్గు ఆమెను ఆ మార్గములోనికి రానీయకున్నది.

ముందుగా మన ప్రాంతపు సంగతి న్యాయముగా చూడవలెను. మన పెద్దలకు అన్నము పండుగనాటి వస్తువు. జొన్న గటక, సజ్జరొట్టె, అంబలి వారి దినదినాహారము. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండ యొద్ద నెహ్రూగారు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాల్వలలోనికి నీరు విడిచిరి. ఎడమ కాల్వ నీరు సోకిన మెట్టపొలములు వరిమడులాయెను. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణమాయెను. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చెను. 2025 మార్చి 30న మన పొరుగుననున్న హుజూర్‌నగర్‌లో రేషను సన్నబియ్యము ప్రారంభమాయెను. మనిషికి నెలకు 6 కిలోలు, ఉచితముగా. ఆకలి నెరిగిన ఇండ్లకు ఇవి గొప్ప మేళ్లు. వీటిని మేము ఒక్క మాటతోనైనను తృణీకరింపము.

అయితే అన్నము పెరిగిన ఈ కాలములోనే పని తగ్గెను. దుక్కికి ట్రాక్టరు, కోతకు మిషను, పొలమునకు పోవుటకు మోటారు సైకిలు వచ్చినవి. మన చేతులు తాతల కాలపు పళ్ళెమునే నింపుచున్నవి; మన కాళ్ళు తాతల కాలపు నడక నడచుట లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని పెద్దవారిలో, స్త్రీలలోను పురుషులలోను, ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు అధిక బరువు గలవారని తేలెను. ఒకరిద్దరి సంగతియైతే వారి తిండిని మాత్రమే తప్పు పట్టవచ్చును. మూడవ వంతు జనమునకు ఒకే సంగతి జరిగినప్పుడు, ఆ కాలమే అందరిని ఒక వైపు నెట్టుచున్నదని గ్రహింపవలెను.

కొన్ని సంవత్సరములుగా మన ఊళ్లలో బరువు తగ్గించుకొను ప్రయత్నములు కూడ చాల జరిగినవి. కొందరు మంతెన సత్యనారాయణరాజుగారి బోధ విని ఉప్పు, నూనె మానిరి. 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతి తెలుగు దేశమంతట ప్రచారమైనప్పుడు కొందరు అన్నము మాని కొబ్బరినూనె, నిమ్మరసము త్రాగిరి. కొందరు నడిచిరి, కొందరు రాత్రి భోజనము మానిరి. ఏ పద్ధతి మంచిదో చెప్పుట వైద్యుల పని గాని మా పని కాదు. మేము చూచుచున్నది ఒక్కటే: ఏ త్రోవను తగ్గినవారికైనను, తగ్గిన మరునాడు ఒకటి ఉన్నది. మెచ్చుకొనువారు మెచ్చుకొని ఇండ్లకు పోయిన తరువాత వచ్చు దినమది. ఆ దినమును గూర్చి ఎవరును వారికి చెప్పియుండరు.

ఆ మరునాడు శరీరము ఏమి చేయునో పరిశోధకులు ఇప్పుడు కొంత కనుగొనియున్నారు. ఆస్ట్రేలియా దేశములో 50 మందిని పది వారములు చాల తక్కువ ఆహారముమీద ఉంచి, వారి బరువు తగ్గిన తరువాత ఒక సంవత్సరము పరీక్షించిరి. ఆకలి పుట్టించు రసములు, కడుపు నిండినదని చెప్పు రసములు సంవత్సరము గడచినను పూర్వస్థితికి రాలేదని 2011లో వారు ప్రకటించిరి. అనగా తగ్గిన మనుష్యునికి మునుపటికంటె ఎక్కువ ఆకలి వేయుచున్నది. అమెరికాలో 2009లో జరిగిన ఒక టెలివిజను పోటీలో మిక్కిలిగా బరువు తగ్గిన 14 మందిని ఆరు సంవత్సరముల తరువాత పరీక్షించిరి. వారిలో చాలమంది తగ్గిన బరువులో పెద్ద భాగమును మరల పొందియుండిరి. అంతేగాక, ఊరక కూర్చున్నప్పుడు వారి శరీరములు ఖర్చు చేయు శక్తి, ఆ బరువుగలవారు ఖర్చు చేయవలసినదానికంటె దినమునకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉండెను. ఇది 2016లో వెలువడిన సంగతి. శరీరము కరవు వచ్చినదని తలంచి, పొయ్యి మంట తగ్గించి, గాదె తాళము బిగించుకొనుచున్నది. మన పితరులను నిజమైన కరవులలో బ్రదికించినది ఈ గుణమే.

మందులతోనైనను సంగతి ఇట్లే ఉన్నది. బరువు తగ్గించు సూదిమందులు, వారమునకు ఒకసారి పొడుచుకొనునవి, 2025లో మన దేశములో అమ్మకమునకు వచ్చినవి. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడును గూర్చి 2022లో ప్రకటింపబడిన పరిశోధనలో, మందు ఆపిన ఒక సంవత్సరములో జనులు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మరల పొందిరి. బలమైన మందు ఆపగానే బరువు మరలి వచ్చుచున్నప్పుడు, నడక ఆగగానే అది మరలి వచ్చెనని ఒక సహోదరిని ఏల నిందింపవలెను?

అట్లయిన మన బాధ్యత ఏమియు లేదా? శరీరమే చేసినదని చెప్పి చేతులు దులుపుకొనవచ్చునా? ఆలాగు కాదు. ఇక్కడ మన కాల్వనే తీసికొని చెప్పుదుము. 2022 సెప్టెంబరు 7వ తేదీన నిడమనూరు మండలములో సాగరు ఎడమ కాల్వ కట్టకు గండి పడెను. నీరు పొలములలోనికి పొర్లెను. నీటి బలము కట్టను త్రోయుట నీటి గుణము. దానిమీద కోపపడి ప్రయోజనము లేదు. అయితే ఆ నీటి బలమును ఎరిగినందుననే కట్టకు కాపలా కావలెను. లష్కర్లు కాల్వ వెంబడి తిరిగి చూచుటకు కారణమిదియే. చిన్న బుంగ కనబడిన దినమున తట్టెడు మట్టి చాలును. చూడకుండ విడిచినయెడల లారీలు కావలెను. గండి పడిన తరువాత ఏమి చేసిరి? ఎగువన నీరు ఆపిరి, గండి పూడ్చిరి, మరల నీరు విడిచిరి. గండి పడినది గనుక ఈ కాల్వ పనికిరాదని ఎవరును అనలేదు. కట్టిన కాల్వ అంతయు వ్యర్థమని దానిని పూడ్చివేయలేదు.

మన శరీర విషయములో మాత్రము మనము ఆ వెఱ్ఱి పనియే చేయుచున్నాము. ఒక పెండ్లిలో నాలుగు దినములు ఎక్కువ తిన్నందున “ఇంక అయిపోయినది, ఎట్లైన చెడినది గదా” అని నాలుగు నెలలు విడిచిపెట్టుచున్నాము. నాలుగు దినముల తిండి చేసిన నష్టము చిన్నది. విడిచిపెట్టిన నాలుగు నెలలు చేసిన నష్టము పెద్దది. మనము లెక్క అప్పగింపవలసినది ఇక్కడనే. ఆకలి మన స్వాధీనములో లేకపోవచ్చును. మరల కట్టమీదికి వచ్చి చూచుట మన స్వాధీనములోనిదే.

ఇక మొదటి ప్రయాస వ్యర్థమా అను ప్రశ్న. దీనికి మంచి జవాబు ఉన్నది. అమెరికాలో చక్కెర వ్యాధి అంచున ఉన్న 3,234 మందితో ఒక గొప్ప పరిశోధన జరిగెను. వారిలో ఒక గుంపువారికి బరువులో 7 శాతము తగ్గవలెనని, వారమునకు 150 నిమిషములు నడువవలెనని నేర్పిరి. 2002లో చూడగా, ఏమియు చేయనివారికంటె ఆ గుంపులో వ్యాధి వచ్చినవారు 58 శాతము తక్కువ. తరువాతి సంవత్సరములలో ఆ నడిచినవారిలో చాలమందికి తగ్గిన బరువులో పెద్ద భాగము మరలి వచ్చెను. అయినను 15 సంవత్సరముల పిమ్మట లెక్క చూడగా, వారిలో చక్కెర వ్యాధి ఇంకను 27 శాతము తక్కువగానే ఉండెను. చూడుడి! బరువు మరలి వచ్చెను గాని, చేసిన మేలంతయు పోలేదు. త్రాసు మరచినదానిని నరములు, రక్తము మరువలేదు.

ఇట్టి సంగతి పరిశుద్ధ గ్రంథమును చదువువారికి క్రొత్తది కాదు. బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారు క్రీస్తుకు పూర్వము 536 ప్రాంతమున యెరూషలేములో దేవాలయపు పునాది వేసిరి. పాటలు పాడిరి, సంతోషముతో కేకలు వేసిరి. అయితే మొదటి మందిరమును చూచియుండిన ముసలివారు, ఆ దినములను తలంచుకొని ఏడ్చిరి. తరువాత శత్రువులు అడ్డుపడిరి, పని ఆగిపోయెను. నెల కాదు, సంవత్సరము కాదు. సుమారు 16 సంవత్సరములు ఆ పునాది గడ్డి మొలిచి పడియుండెననుకొనవచ్చును. ఆ త్రోవను పోవుచు దానిని చూచిన ప్రతివానికి సిగ్గు కలిగియుండును. క్రీస్తుకు పూర్వము 520లో, దర్యావేషు ఏలుబడిలో రెండవ సంవత్సరమున, హగ్గయి, జెకర్యా ప్రవక్తలు జనులను లేపిరి.

ఆ ప్రవక్తలు ఏమి చెప్పిరో గమనింపుడి. పాత పునాది త్రవ్వివేసి క్రొత్తది వేయుడని చెప్పలేదు. పునాది వేసిన జెరుబ్బాబెలు చేతులే పని ముగించునని జెకర్యా చెప్పెను. పని ఆపిన చేతులును అవే, ముగింపవలసిన చేతులును అవే. ఇది మన సహోదరికి ఎంత ఆదరణ! ఆమె ఇప్పుడు క్రొత్త స్త్రీగా మారి మొదలుపెట్టనక్కరలేదు. జొన్నరొట్టె చేయుట ఆమె చేతులెరుగును. నడక త్రోవ ఆమె కాళ్ళెరుగును. ఏ పూట ఆకలి ఎక్కువగునో, ఏ పండుగలో కాలు జారునో ఆమె ఇప్పుడు మునుపటికంటె బాగుగా ఎరుగును. పునాది ఉన్నది.

ప్రవక్తలు మరియొక సంగతి కూడ చెప్పిరి. మునుపటి మందిరముతో పోల్చుకొని ఇది ఎందుకును కొరగానిదని క్రుంగిపోవద్దని హగ్గయి వారిని ధైర్యపరచెను. కార్యములు కొద్దిగా నుండు దినమును చిన్నచూపు చూడరాదని జెకర్యా బోధించెను. మరల మొదలుపెట్టువారికి ఈ రెండు శోధనలును వచ్చును. “అప్పుడు 71 కిలోలకు వచ్చితిని, ఇప్పుడు ఒక్క కిలో తగ్గుటకు నెల పట్టుచున్నది” అను ఏడ్పు ఒకటి. “పది నిమిషములు నడిచిన ఏమగును” అను అలక్ష్యము మరియొకటి. ఏడ్చిన ముసలివారిని దేవుడు కోపపడలేదు. అయితే ఆ ఏడ్పుతో గోడ లేవలేదు. మరల రాయి మీద రాయి పెట్టినప్పుడే గోడ లేచెను.

ఇప్పుడు పాపమను మాటను గూర్చి. తిండిపోతుతనము పాపమని మనము బోధించుచున్నాము, అది నిజమే. ఇతరుల ఆకలిని చూడక తన కడుపునే దేవునిగా చేసికొనుట పాపము. అయితే లావుగా ఉన్న ప్రతివాడును తిండిపోతు కాడు, సన్నగా ఉన్న ప్రతివాడును మితాహారి కాడు. థైరాయిడు జబ్బుచేతను, స్టిరాయిడు మందులచేతను, ఇన్సులిను చేతను, కాన్పుల తరువాతను బరువు పెరుగువారు కలరు. దుఃఖములో అన్నమును ఆశ్రయించువారును కలరు. ఒక మనుష్యుని నడుము చూచి అతని ఆత్మను తూచు త్రాసు మనకు ఇయ్యబడలేదు. సుంకరులతో కూర్చుండి భుజించినందున మన ప్రభువునే తిండిపోతు అన్నారు గదా! ఆ మాట అన్నవారు భక్తిపరులమని పేరుపడినవారే. ఆ నింద ఎవరిమీద పడెనో తలంచుకొని మన నాలుకను అదుపులో ఉంచుకొందము.

శరీరము దేవుని ఆలయమను వాక్యమును కూడ మనము కొన్నిసార్లు రాయివలె విసరుచున్నాము. ఆలయమును ప్రేమించువాడు, పగిలిన గోడను చూచి నవ్వడు. సున్నము తట్ట పట్టుకొని వచ్చును.

ఉపవాసమును గూర్చి ఒక మాట. మన సంఘములలో శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు ఉన్నవి, అవి మంచివి. అయితే బరువు మరలి వచ్చిన సిగ్గుచేత కొందరు ఉపవాసమును శిక్షగా వాడుకొనుచున్నారు. పగలంతయు నీళ్ళు మాత్రము త్రాగి, సాయంకాలము రెండు పూటల అన్నము ఒక్కసారి తినుచున్నారు. దీనివలన శరీరమునకును మేలు లేదు, ఉపవాసమునకును ఘనత లేదు. దేవునికి ఇష్టమైన ఉపవాసము ఆకలిగొనినవానితో ఆహారము పంచుకొనుటయని యెషయా బోధించెను. అది త్రాసుకు సంబంధించినది కాదు. అంతేగాక చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిను తీసికొనువారు డాక్టరుగారిని అడుగక ఉపవాసముండరాదు. రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. డాక్టరుగారిని అడిగి ఉపవాసముండుట అవిశ్వాసము కాదు.

ఇక సంఘము చేయవలసినది ఏమి? పేతురు కోడి కూయకముందే ప్రభువును ఎరుగనని బొంకెను. తరువాత అతడు మరల చేపలు పట్టుటకు పోయెను. ప్రభువు అతనిని ఒడ్డున కలిసికొనినప్పుడు నీవేల బొంకితివని మొదట అడుగలేదు. నిప్పులమీద చేప కాల్చి, రొట్టె ఉంచి, వచ్చి భోజనము చేయుమని పిలిచెను. భోజనమైన పిమ్మటనే నన్ను ప్రేమించుచున్నావా అని అడిగెను. జారినవానిని మరల త్రోవకు తెచ్చు పద్ధతి ఇది. మొదట దగ్గరకు పిలుచుట, తరువాత ప్రశ్న. మనము తరచుగా ప్రశ్నతో మొదలుపెట్టుచున్నాము. అందుచేతనే వారు మన దగ్గరకు వచ్చుట లేదు.

కావున “మళ్ళ లావైనవ్” అను మాటను మన సంఘములలోనుండి తీసివేయుదము. ఆ మాట విన్నవానికి తెలియని సంగతి అందులో ఏమియు లేదు. అట్లే “సన్నబడితివి, ఎంత బాగున్నావు” అను పొగడ్తను కూడ కొంచెము తగ్గింతము. పొగడ్త ఎంత ఎత్తుకు ఎత్తునో, జారినప్పుడు సిగ్గు అంత లోతుకు దింపును. వడ్డించునప్పుడు “చాలు” అనినవారి మాట చాలునని ఎంచుదము. మన ప్రాంతములో మారు వడ్డించుట ప్రేమకు గురుతు, ఆ ప్రేమను మేము ఎరుగుదుము. అయితే వద్దన్న విస్తరిలో బలవంతముగా వేసిన గరిటెడన్నము ఆ మనుష్యుని మేలు కోరదు. ప్రేమవిందులలో అన్నముతో సమానముగా కూరగాయలు, మజ్జిగ ఉంచుట మన స్త్రీల సమాజమువారికి కష్టము కాదు.

మరల మొదలుపెట్టువారికి కొన్ని సులువైన మాటలు చెప్పెదము. మొదటి అడుగు త్రాసు ఎక్కుట. ఊరిలోని పల్లె దవాఖానాలో బరువు, రక్తపోటు, చక్కెర చూచుదురు. ఎంత ఉన్నదో తెలిసికొనుటవలన ఎవరికిని బరువు పెరుగలేదు. వారమునకు ఒకసారి, ఒకే దినమున, ఒకే వేళను చూచుకొని వ్రాసికొనవలెను. నడుము కొలత కూడ చూచుకొనవలెను: మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించుట హెచ్చరిక యని వైద్యులు చెప్పుచున్నారు.

రెండవది, గురి చిన్నదిగా ఉంచుకొనుట. 80 కిలోలవారు 4 కిలోలు తగ్గినను అది వారి బరువులో 5 శాతము. చక్కెరకును, రక్తపోటుకును, మోకాళ్ళకును అది మేలు చేయును. మూడవది, పళ్ళెమును మార్చుట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా ప్రకారము దినపు ఆహారములో సగము కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు, దుంపలు ఉండవలెను. మిగిలిన సగములో ధాన్యములు, పప్పులు, మాంసకృత్తులు గల ఇతర పదార్థములు. అన్నము మానవలెనని కాదు. అన్నము కంటె ముందు కూర, పప్పు వడ్డించుకొని, అన్నమును ఒక కొలత గిన్నెతో పెట్టుకొనినయెడల సగము పని అగును. నాలుగవది, దినమునకు 30 నిమిషముల చొప్పున వారములో అయిదు దినములు నడుచుట. మోకాళ్ళు నొచ్చువారు పది నిమిషముల చొప్పున మూడుసార్లు నడువవచ్చును.

అయిదవది మిక్కిలి ముఖ్యమైనది: ఒంటరిగా నడువకుడి. తోడు నడచువారు ఉన్నప్పుడు, మనము రాని దినమున ఎవరో ఒకరు తలుపు తట్టుదురు. ఆరవది, మరల జారు దినమునకు ముందుగానే ఒక నియమము పెట్టుకొనుడి. రెండు కిలోలు పెరిగిన వారముననే తోడివారికి చెప్పవలెనని నిర్ణయించుకొనినయెడల, బుంగ గండి కాకముందే తట్టెడు మట్టి పడును.

అమెరికాలో 1994 మొదలుకొని, 13.6 కిలోలైనను తగ్గి కనీసము ఒక సంవత్సరము నిలుపుకొనినవారి పేర్లు ఒక రిజిస్టరులో వ్రాయుచున్నారు. అందులోని వేలకొలది జనులు చాల నడచువారు, తరచుగా తూచుకొనువారు. వారిలో అధికసంఖ్యాకులు అంతకుముందు తగ్గి, మరల పెరిగి, మరల మొదలుపెట్టినవారే. మరల మొదలుపెట్టుట వారిలో చాలమంది నడచిన త్రోవయే.

ప్రియులారా, మన ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము సంవత్సరమునకు సరిపడు ఆహారము అడుగుట లేదు. నేటి ఆహారము నేటికే అడుగుచున్నాము. నిన్న తిన్నదానిని గూర్చిన సిగ్గు గాని, వచ్చు సంవత్సరమునకు ఎన్ని కిలోలుందునో అను భయము గాని ఆ విన్నపములో లేదు. నేటి పూట ఉన్నది, నేటి పళ్ళెము ఉన్నది, నేటి నడక ఉన్నది. వాటిని కృతజ్ఞతతో తీసికొందము. మన ప్రక్కన ఎవరైన వెనుక వరుసకు పోయి కూర్చొనినయెడల, ఈ ఆదివారము మనమే లేచి వెళ్ళి వారి ప్రక్కన కూర్చుందము. బరువు మాట ఎత్తక, రేపు ఉదయము ఎన్ని గంటలకు నడకకు పోదమని మాత్రము అడుగుదము.